ఖర్చు ఎవరు భరించాలి? చట్టసభల్లో అంబేద్కర్ - ఆరోగ్య ప్రశ్న

మన దేశంలో ప్రజారోగ్య విధానం చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువమంది 1946 దగ్గర మొదలుపెడతారు. ఆ ఏడు భోర్ కమిటీ నివేదిక వచ్చింది. ఊళ్ళల్లో మనం చూసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆలోచనకు మూలం ఆ నివేదికే అంటారు. అది అబద్ధం కాదు. కానీ ఆ చరిత్ర డాక్టర్లతో, ఆసుపత్రులతో మొదలై వాటితోనే ముగుస్తుంది. జబ్బు పడ్డ మనిషి ఏ కులం, ఏ పని చేసి జబ్బు పడ్డాడు, పని మానేస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుందా, డాక్టరు అతని చెయ్యి పట్టుకుని నాడి చూస్తాడా లేదా అన్న ప్రశ్నలు అందులో కనబడవు.

ఇటువైపు మన ఉద్యమంలోనూ ఒక లోటుంది. అంబేద్కర్‌ని రాజ్యాంగ నిర్మాతగా, కులనిర్మూలన సిద్ధాంతకర్తగా చదువుకున్నాం. దాదాపు ఇరవై ఏళ్ళు చట్టసభల్లో కూర్చుని బిల్లుల మీద మాట్లాడిన సభ్యుడిగా ఆయన్ని చదివింది తక్కువ. బొంబాయి చట్టసభల్లో ఆయన ప్రసంగాలు 1982లో, వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా చేసిన పనికి సంబంధించిన కాగితాలు 1991లో మహారాష్ట్ర ప్రభుత్వ సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆరోగ్యానికి సంబంధించి వాటిలో ఏముందో ఈ వ్యాసంలో పరిశీలిస్తాం.

ముందుగా ఒక మాట. ఒక సభ్యుణ్ణి ఓట్ల లెక్కతోనే అంచనా కట్టడం కుదరదు. చాలా బిల్లులు ఓట్లు లెక్కపెట్టకుండానే, నోటిమాట మీద గట్టెక్కుతాయి. సర్కారులో భాగమైనవాడు సర్కారు పక్షాన్నే నిలబడాలి. అందుకే ఓటుతో పాటు వాదన కూడా చూడాలి. ఎవరి తరఫున మాట్లాడాడు, ఖర్చు ఎవరి మీద పెట్టమన్నాడు, ఎవరిని వదిలేశాడు అన్నవి అడగాలి. అంబేద్కర్‌ని కూడా ఈ ప్రశ్నలు అడగాల్సిందే. పూజ చేసేవాడికి ప్రశ్నలుండవు, మనకుండాలి.

నీళ్ళు, దవాఖానా

అంబేద్కర్ బొంబాయి శాసన మండలిలోకి నామినేటెడ్ సభ్యుడిగా వచ్చింది 1927 ఫిబ్రవరిలో. అంతకు ముందే, 1923 ఆగస్టు 4న, ఎస్.కె. బోలే అదే మండలిలో ఒక తీర్మానం నెగ్గించారు. సర్కారు సొమ్ముతో కట్టిన, నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలు అంటరానివాళ్ళు కూడా వాడుకోవచ్చని ఆ తీర్మానం చెప్పింది. బళ్ళు, కోర్టులు, కచేరీలతో పాటు దవాఖానాలను కూడా ఆ జాబితాలో చేర్చింది.

ఈ తీర్మానాన్ని మనం మహద్ చెరువు పోరాటానికి పునాదిగా గుర్తుపెట్టుకున్నాం. అది సరైనదే. 1924 జనవరిలో మహద్ మునిసిపాలిటీ చౌదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు కాగితం మీద రాసుకుంది. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో జనం వెళ్ళి నీళ్ళు తాగితే దెబ్బలు తిన్నారు. ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్నే రద్దు చేసుకుంది. కోర్టులో నెగ్గేసరికి 1937 వచ్చింది. ఇంత జరిగిన తీర్మానంలో ‘దవాఖానా’ అన్న మాట కూడా ఉందని మాత్రం మనం మర్చిపోయాం. నీళ్ళూ వైద్యమూ ఒకే వాక్యంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. రెండింటికీ అడ్డం నిలబడింది ఒకటే గోడ.

ఆ గోడ ఎట్లా ఉంటుందో చూడాలంటే 1929కి రావాలి. ఆ ఏడు డిసెంబరులో కాఠియావాడ్ ప్రాంతపు ఒక దళిత ఉపాధ్యాయుడి ఉత్తరం ‘యంగ్ ఇండియా’ పత్రికలో అచ్చయింది. అంబేద్కర్ తర్వాత దాన్ని తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఎత్తి రాశారు. ఆ ఉపాధ్యాయుడి భార్య కాన్పయిన కొద్ది రోజులకే జబ్బు పడింది. పిలిస్తే డాక్టరు వాడలోకి రానన్నాడు. బతిమాలి, ఫీజుకి ఒప్పుకున్నాక వచ్చి, బాలింతను వాడ బయటికి తీసుకురమ్మన్నాడు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు. అతను భర్త చేతికి, భర్త భార్యకు. తిరిగి అదే వరుసలో డాక్టరు దగ్గరికి. దీపం వెలుగులో గాజుగొట్టం చూసి న్యుమోనియా అన్నాడు. ఆమె బతకలేదు. ఆ ఊళ్ళో డాక్టరున్నాడు, మందుంది, ఫీజు కట్టడానికి ఆ ఇంటివాళ్ళు సిద్ధంగానూ ఉన్నారు. లేనిదల్లా ఆమెను ముట్టుకునే చెయ్యి. ఎంతమందికి ఒక డాక్టరు అని లెక్కలు తీసే ఆరోగ్య చరిత్రలో ఈ మరణం ఏ గడిలోకీ రాదు.

1928: కాన్పు ఎవరి ఖర్చు?

ఈ మరణానికి ముందటి ఏడు, 1928 జులై 28న, బొంబాయి మండలిలో ప్రసూతి భత్యం బిల్లు మీద చర్చ జరిగింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకు కాన్పుకు ముందూ తర్వాతా సెలవు, ఆ రోజులకు కొంత డబ్బు ఇవ్వాలన్నది బిల్లు. వ్యతిరేకించినవాళ్ళ వాదన ఈనాటికీ వినపడేదే. పరిశ్రమ మీద భారం పడుతుందని, యజమానులు ఆడవాళ్ళను పనిలోంచి తీసేస్తారని అన్నారు.

అంబేద్కర్ బిల్లును సమర్థించారు. కాన్పుకు ముందు కొన్నాళ్ళు, తర్వాత కొన్నాళ్ళు తల్లికి విశ్రాంతి దొరకడం దేశం మేలు కోసమేనన్నారు. ఈ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించాలని కూడా ఒప్పుకున్నారు, ఎందుకంటే ప్రజల బాగోగులు ప్రాథమికంగా దాని బాధ్యత. అంతమాత్రాన యజమానికి సంబంధం లేదనడం తప్పని వెంటనే అన్నారు. ఆడవాళ్ళను పనిలో పెట్టుకుంటే లాభం ఉంది కాబట్టే యజమాని పెట్టుకుంటాడు. ఆ లాభం తీసుకునేవాడు ఈ ఖర్చులో పాలు పంచుకోవాల్సిందే అన్నది ఆయన తర్కం.

ఇక్కడ ఒక మలుపుంది. అప్పటిదాకా కాన్పు అనేది ఇంటి గొడవ, ఆడవాళ్ళ గొడవ, మంత్రసాని గొడవ. అంబేద్కర్ దాన్ని తీసుకొచ్చి సభ మధ్యలో పెట్టి, ఇది కూలి గొడవ, బడ్జెట్ గొడవ అన్నారు. బిల్లు 1929లో చట్టమైంది. రోజుకు 8 అణాల భత్యం, యజమాని ఇవ్వాలి. మన దేశంలో ప్రసూతి భత్యానికి అదే మొదటి చట్టం. మద్రాసు రాష్ట్రం 1934లో అలాంటి చట్టమే చేసుకుంది, అప్పటి తెలుగు జిల్లాల ఫ్యాక్టరీలు దాని కిందికి వచ్చాయి.

అయితే ఖర్చు మొత్తం యజమాని నెత్తినే పెట్టడంతో వ్యతిరేకులు చెప్పినదాంట్లో కొంత నిజం కూడా తేలింది. తర్వాతి దశాబ్దాల్లో బొంబాయి మిల్లుల్లో ఆడకూలీల వాటా తగ్గుతూ పోయింది. దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. కానీ ఎక్కువ భాగం ప్రభుత్వం భరించాలన్న అంబేద్కర్ మాట వినుంటే, ఆడవాళ్ళను తీసెయ్యడానికి యజమానికి ఆ సాకైనా ఉండేది కాదు.

మిల్లు లోపల కూడా కులం ఉందని గుర్తుంచుకోవాలి. కూలి ఎక్కువ దొరికే నేత ఖాతాలోకి అంటరానివాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. నాడె కంతలోంచి దారాన్ని నోటితో పీల్చాలి. ఒకరు పీల్చిన నాడెను ఇంకొకరు పీలిస్తే మైల. ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి క్షయ పాకే దారి కూడా అదే. పరిశ్రమ ఆ పద్ధతిని జబ్బు ప్రశ్నగా చూడకముందే కులం దాన్ని మైల ప్రశ్నగా చూసి, దళితుల కూలి తగ్గించి వదిలింది. 1928-29 మిల్లు సమ్మెల కాలంలో అంబేద్కర్ కార్మిక నాయకులను నిలదీసిన విషయాల్లో ఇదొకటి.

1938: పదకొండు ఓట్లు

ఓట్ల లెక్క స్పష్టంగా దొరికే సందర్భం ఒకటుంది. 1938 నవంబరు 10న బొంబాయి శాసనసభలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ ఒక తీర్మానం పెట్టింది. సంతాన నిరోధం గురించి ప్రభుత్వం జనంలో గట్టిగా ప్రచారం చెయ్యాలి, అందుకు కావలసిన సదుపాయాలు కల్పించాలి అన్నది దాని సారాంశం. ఆ రోజు అంబేద్కర్ సభలో లేరు. ఆయన తరఫున పి.జె. రోహమ్ ప్రవేశపెట్టి ప్రసంగం వినిపించారు. అనుకూలంగా 11 ఓట్లు, వ్యతిరేకంగా 52. తీర్మానం వీగిపోయింది.

అంటే ఆరోగ్యానికి సంబంధించి అంబేద్కర్ పేరు మీద మనం చెప్పుకునే ముఖ్యమైన ఓటింగులో ఆయన ఓటే లేదు. ఓట్ల పట్టిక మాత్రమే చూసేవాడికి ఆయన ఆ రోజు గైర్హాజరు. వాదన చదివినవాడికి మాత్రం మొత్తం సభలో ఆయనే కనబడతారు.

ఆ ప్రసంగంలో జనాభా, పేదరికం లెక్కలున్నాయి. ఈనాడు మనం వాటన్నిటినీ ఒప్పుకోనక్కర్లేదు, పేదరికానికి కారణం పిల్లలు కాదు, భూమి లేకపోవడం. కానీ ఆ ప్రసంగానికి గుండెకాయ వేరే ఉంది. వరస కాన్పులతో తల్లి ఒళ్ళు గుల్లవుతుందని, వద్దనుకున్నప్పుడు వద్దనే వీలు ఆమెకుండాలని, పురిటి నొప్పులు మగవాళ్ళు పడాల్సొస్తే ఒక్క కాన్పుకి మించి ఎవరూ ఒప్పుకోరని అందులో ఉంది. గాంధీ కృత్రిమ సంతాన నిరోధాన్ని వ్యతిరేకిస్తూ బ్రహ్మచర్యం బోధిస్తున్న కాలమది, బొంబాయిలో కాంగ్రెస్ మంత్రివర్గం నడుస్తున్న కాలం కూడా. అంతకు ముందు 1934లో, లైంగిక ఆరోగ్యం గురించి రాసినందుకు అశ్లీలం కేసు పడ్డ ఆర్.డి. కార్వే తరఫున అంబేద్కర్ కోర్టులో వాదించి ఓడిపోయారు. కోర్టులో ఓటమి, సభలో ఓటమి. ఆ రెండు ఓటముల తర్వాత కూడా ఆయన మాట మార్చుకోలేదు.

ఒక తేడా గట్టిగా చెప్పుకోవాలి. 1938లో అడిగింది సదుపాయం. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కోటా నింపడానికి పట్టుకుపోయినవాళ్ళలో పేదలు, దళితులు, ముస్లింలు ముందున్నారు. వద్దనే హక్కు స్త్రీకి ఇవ్వడం ఒకటి, పేదవాడి ఒంటిని సర్కారు లెక్కలో వేసుకోవడం ఇంకొకటి. 1938 తీర్మానాన్ని 1976కి సాకుగా వాడుకోనివ్వకూడదు.

1944: మనం దాటవేసే పేజీ

1942 జులై నుంచి 1946 జూన్ దాకా అంబేద్కర్ కార్మిక సభ్యుడు, అంటే ఈనాటి లెక్కలో కార్మిక మంత్రి. ఈ నాలుగేళ్ళలో ఆయన పద్దులో గర్వంగా చెప్పుకునేవి చాలా ఉన్నాయి. మనం సాధారణంగా చెప్పుకోనిది ఒకటుంది. ముందు దాని గురించే మాట్లాడదాం.

భూమి లోపల బొగ్గు తవ్వే పనిలో ఆడవాళ్ళను పెట్టకూడదని 1929 నిబంధనలు దశలవారీ గడువు పెట్టాయి. 1930ల చివరికి వాళ్ళు గనుల్లోంచి పైకొచ్చారు. ఇదే విషయం మీద 1935లో చేసిన అంతర్జాతీయ ఒప్పందాన్ని 1938లో భారత ప్రభుత్వం ఆమోదించింది కూడా. యుద్ధం వచ్చింది, బొగ్గు కొరత వచ్చింది. 1943లో నిషేధం ఎత్తేశారు. జరియా, రాణిగంజ్ గనుల్లో మగవాడు బొగ్గు కొడితే అతని ఆడమనిషి తట్టలకెత్తి మొయ్యడం పాత పద్ధతి. అక్కడ మోసినవాళ్ళు ఎక్కువగా బౌరీలు, సంతాలులు, అంటే దళితులు, ఆదివాసులు.

1944 ఫిబ్రవరి 8న కేంద్ర శాసనసభలో దీని మీద వాయిదా తీర్మానం వచ్చింది. ప్రభుత్వం తరఫున లేచి సమర్థించుకోవాల్సింది అంబేద్కరే, సమర్థించారు. ఇష్టపడి చేసింది కాదు, గత్యంతరం లేక చేశాం, తాత్కాలికం అన్నారు. గనిలో దిగే ఆడమనిషికి మగవాడితో సమానంగా కూలి ఇప్పిస్తున్నామన్నారు. నిషేధం మళ్ళీ అమల్లోకి వచ్చింది 1946 ఫిబ్రవరి 1న.

1928లో తల్లి విశ్రాంతి దేశం మేలు అన్న మనిషి, 1944లో ఆడవాళ్ళను గనిలోకి దించడాన్ని సమర్థించాడు. దీన్ని కప్పిపుచ్చితే మన శత్రువులు విప్పి చూపిస్తారు. అందుకని మనమే చెప్పుకుని అర్థం చేసుకోవడం మంచిది. సమాన కూలి సూత్రం గొప్పదే, కానీ సమాన కూలి ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్మును ఆపదు. సర్కారులో చేరినవాడు ఎంత గొప్పవాడైనా ఆ సర్కారు యుద్ధం ఖర్చులో కొంత తనవాళ్ళ ఒంటి మీద రాయాల్సి వస్తుంది. అధికారంలో వాటా గురించి మాట్లాడుకునే మనకి ఇది పనికొచ్చే పాఠం.

అదే సమయంలో ఆ నాలుగేళ్ళ రెండో వైపు కూడా లెక్కలోకి రావాలి. గనుల్లో పనిచేసే ఆడవాళ్ళ ప్రసూతి చట్టం 1941లో వచ్చింది. కాన్పుకు ముందు నాలుగు వారాల భత్యం విషయంలో అందులోని మాటలు తికమకగా ఉంటే, 1943లో అంబేద్కర్ సవరణ తెచ్చి సరిచేశారు. 1944 జనవరి 31న బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. బొగ్గు మీద సుంకం వేసి, ఆ డబ్బుతో కార్మికులకు ఇళ్ళు, నీళ్ళు, వైద్యం. 1946లో ఫ్యాక్టరీల చట్టం సవరించి వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించారు. పని గంటలు తగ్గించడం ఆరోగ్య విధానం కాదని ఎవరైనా అంటే, వాళ్ళు పన్నెండు గంటలు నిలబడి పనిచేసి ఉండరు.

మన నెల్లూరు జిల్లాకు సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడుంది. గూడూరు చుట్టుపక్కల అభ్రకం గనులకు అప్పట్లో పెద్ద పేరు. 1946 ఏప్రిల్‌లో అంబేద్కర్ కేంద్ర శాసనసభలో అభ్రకం గని కార్మికుల సంక్షేమ నిధి బిల్లు నడిపించారు. ఎగుమతయ్యే అభ్రకం మీద సుంకం వేసి బీహారు, మద్రాసు రాష్ట్రాల గని కార్మికులకు ఖర్చుపెట్టాలి. ఆ నిధితోనే తర్వాత కలిచేడులో ఆసుపత్రి నడిచింది. ఇక్కడ కూడా అదే సూత్రం కనబడుతుంది. సరుకు మీద లాభం తీసేవాడి దగ్గర వసూలు చేసి, సరుకు తవ్వి ఒళ్ళు పాడుచేసుకున్నవాడికి పెట్టాలి. ఇందులో దయాధర్మం మాట లేదు, ఇది బాకీ వసూలు.

బీమా ఎవరికి, ఎవరికి కాదు

కార్మికుల ఆరోగ్య బీమా మీద పథకం తయారుచెయ్యమని 1943 మార్చిలో బి.పి. అదార్కర్‌ని నియమించారు, 1944 ఆగస్టులో నివేదిక వచ్చింది. అప్పుడు ఆ శాఖ అంబేద్కర్ చేతిలో ఉంది. చట్టం అయ్యేసరికి ఆయన ఆ శాఖలో లేరు. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చినప్పుడు కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలైంది. స్వతంత్ర దేశపు మొదటి పెద్ద ఆరోగ్య బీమా వెనక ఇద్దరు దళిత మంత్రుల పని ఉందన్న మాట పాఠ్యపుస్తకాల్లో ఎక్కడుంది? ఇద్దరి రాజకీయాలూ వేరువేరు కావచ్చు, ఈ విషయంలో ఒకరు దున్నిన చేలో ఇంకొకరు విత్తారు.

కానీ ఆ చట్టం ఎవరిని వదిలేసింది? ఏడాది పొడుగునా నడవని ఫ్యాక్టరీలను వదిలేసింది. పత్తి జిన్నింగు, వేరుశనగ ఒలిచే మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు. గుంటూరు, కర్నూలు, అనంతపురం సంగతి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, అటువంటి మిల్లుల్లో దూది పీల్చింది, పొట్టు ఊదింది ఎక్కువగా మాల, మాదిగ, వెనకబడిన కులాల ఆడవాళ్ళే. పొలం కూలీలైతే అసలు చట్టం దరిదాపుల్లోకే రాలేదు.

1928 బిల్లుకీ ఇదే గీత ఉంది. చట్టం మిల్లు గేటు దాకా వచ్చి ఆగిపోయింది. దేశంలో దళిత స్త్రీలు ఎక్కువమంది ఆ గేటుకు బయట, పొలాల్లో ఉన్నారు. 1961లో పార్లమెంటు దేశమంతటికీ ప్రసూతి చట్టం చేసినప్పుడూ అంతే. 2017లో సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచినప్పుడు పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. కలుపు తీస్తూ నొప్పులొచ్చి గట్టు మీద కూలబడ్డ మన తల్లులకి ఆ 26లో ఒక్క వారం కూడా లేదు. 2020లో ఈ చట్టాలన్నిటినీ సామాజిక భద్రతా స్మృతి అనే ఒకే గాటన కట్టారు. ఆ గాటన మన తల్లులు ఎక్కడున్నారో వెతికి చూడాల్సిన పని మిగిలే ఉంది.

రాజ్యాంగంలో ఎక్కడ పెట్టారు?

1947 మార్చిలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభ ముందుంచిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో అంబేద్కర్ భూమినీ, కీలక పరిశ్రమలనూ, బీమానూ రాజ్యం చేతిలో పెట్టమన్నారు. వయసొచ్చిన ప్రతి పౌరుడికీ బీమా ఉండాలన్నారు. ఈ ఆర్థిక ఏర్పాటు మొత్తం రాజ్యాంగంలోనే చట్టంగా ఉండాలి, మెజారిటీ వచ్చిన పార్టీ దయ మీద ఆధారపడకూడదు అన్నది ఆయన పట్టుదల.

చివరికి ఏం జరిగింది? అంటరానితనం రద్దు 17వ అధికరణం అయింది, బావులూ చెరువులూ అందరివన్న మాట 15వ అధికరణంలోకి వచ్చింది. ఈ రెంటి కోసం కోర్టుకెళ్ళవచ్చు. 1923 బోలే తీర్మానం అట్లా రాజ్యాంగంలోకి చేరింది. కానీ ప్రసూతి సాయం 42వ అధికరణంలో, పౌష్టికాహారం, ప్రజారోగ్యం 47లో, అంటే ఆదేశిక సూత్రాల్లో పడ్డాయి. అక్కడ రాసినవి అమలు చెయ్యలేదని కోర్టుకెళ్ళడానికి వీల్లేదని 37వ అధికరణం చెబుతుంది. తర్వాత సుప్రీంకోర్టు తీర్పులు ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా చదివాయి, అది వేరే కథ. మహద్ చెరువు నీళ్ళకు హక్కు దొరికింది, కాఠియావాడ్ బాలింత వైద్యానికి సూత్రం దొరికింది.

ఈ పద్దు మొత్తం చూశాక మాకు తోచింది ఒకటే. చట్టసభల్లో అంబేద్కర్‌కి ఆరోగ్యం ఒక శాఖ కాదు. నీళ్ళు, కూలి, గంటలు, కాన్పు, బీమా అన్నిచోట్లా ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: ఈ ఒంటి శ్రమతో లాభపడేది ఎవరు, ఇది పాడైతే ఖర్చు భరించేది ఎవరు? కొన్నిసార్లు నెగ్గారు, 11 ఓట్లతో ఓడారు, ఒకసారి సర్కారు కుర్చీలో కూర్చుని తన ప్రశ్నకే ఎదురు సమాధానం చెప్పాల్సొచ్చింది. ప్రశ్న మాత్రం వదల్లేదు.

మన నియోజకవర్గాల నుంచి, ముఖ్యంగా రిజర్వుడు స్థానాల నుంచి, సభకు వెళ్ళినవాళ్ళ పద్దును ఇదే గజంతో కొలవాలి. వాళ్ళు ప్రారంభించిన ఆసుపత్రి శిలాఫలకాలు లెక్కపెట్టి లాభం లేదు. పొలం కూలి ఆడమనిషి కాన్పు ఖర్చు ఎవరు భరించాలని సభలో ఎన్నిసార్లు అడిగారు? సభా కార్యకలాపాల నివేదికలు లైబ్రరీల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. విద్యార్థి మిత్రులు, ఉపాధ్యాయ మిత్రులు జిల్లాకి ఇద్దరు ముగ్గురైనా కూర్చుని వాటిని విప్పితే, ఆ జవాబు బయటికొస్తుంది.